నర్సీపట్నం నుంచి ఆసియా దాకా

పిల్లలూ! చెన్నై నుంచి హౌరా పోయే పెద్ద రైలు మార్గం మీద, తునికీ ఎలమంచిలికీ మధ్య, "నర్సీపట్నం రోడ్డు" అనే చిన్న స్టేషను ఒకటి ఉన్నది. పేరు చూసి అక్కడ దిగిన కొత్తవాడు ఊరేదీ అని నాలుగు పక్కలా చూస్తాడు. ఊరు కనిపించదు. బోర్డు మీద పేరున్నంత మాత్రాన ఊరు వచ్చినట్టు కాదు. అక్కడి నుంచి ఉత్తరంగా, కొండల వైపుగా, ఇంకా చాలా దూరం రోడ్డున పోతేగాని నర్సీపట్నం రాదు.

ఆ కొండల పాదాల దగ్గర ఉన్న ఊరే నర్సీపట్నం. ఇది చాలాకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. మైదానం ఇక్కడితో అయిపోయి తూర్పుకనుమలు మొదలవుతాయి. ఒక రోడ్డు లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కుతుంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలం తెల్లవారుజామున అక్కడి గడ్డి మీద పేరుకునే మంచును చూడడానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. ఇంకొక రోడ్డు కృష్ణదేవిపేటకు పోతుంది. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడ ఉన్నది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో ఆయన అనుచరులతో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయాడు. అడవి దారులలో మూడు రోజులలో మూడు ఊళ్ళు! ఈ ప్రాంతం మనుషుల కాళ్ళ బలాన్ని గురించి ఇంతకంటె వేరే సాక్ష్యం ఎందుకు?

కొండల మీద పండిన మిరియాలూ, పసుపూ, చింతపండూ కిందికి దిగి వచ్చే దారిలో ఉన్నది ఈ ఊరు. సరుకుతోపాటు పిల్లలు కూడా దిగి వస్తారు. కొండ మీద బడి చదువు ఒక తరగతితో ఆగిపోయినవాళ్ళు కింద హాస్టళ్ళలో ఉండి పైచదువులు చదువుకుంటారు. సాయంత్రం బడి వదలగానే వీరిలో కొందరు చెప్పులు ఒక గట్టున విడిచి బంతి వెంట పరుగెత్తుతారు.

అటువంటి పిల్లవాడు ఒకడు ఫుట్‌బాల్ చక్కగా ఆడుతున్నాడనుకుందాం. పిల్లవాడే కానక్కరలేదు, పిల్ల అయినా సరే. వాడు ఇక్కడి నుంచి బయలుదేరి పరాయి దేశాల పిల్లలతో ఆడాలంటే ఏ దారిన పోవాలి? ఈసారి మనం ఆ దారి చూసి వద్దాం. దీనికి రైలు టిక్కెట్టు అక్కరలేదు గాని, కాస్త లెక్కలు మాత్రం రావాలి.

మొదటి మజిలీ ఢిల్లీ అనుకోండి. అక్కడ "సుబ్రతో కప్పు" అని బడిపిల్లల ఫుట్‌బాల్ పోటీ ఒకటి 1960 నుంచి ఉన్నది. సుబ్రతో ముఖర్జీ మన వైమానిక దళానికి అధిపతి అయిన మొదటి భారతీయుడు. ఆయనకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మంచి ఆటగాళ్ళు కావాలంటే వారిని బడి వయసులోనే పట్టుకోవాలని ఆయన నమ్మకం. 1960 నవంబరులో ఆయన టోక్యోలో హఠాత్తుగా చనిపోయారు. పోటీ ఆ యేడే మొదలై, ఆయన పేరునే నిలిచింది. వైమానిక దళం వారే దీన్ని జరిపిస్తారు. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక వంటి దేశాల బడులు కూడా ఇందులో ఆడాయి. అందుచేత బడిపిల్లల పోటీయే అయినా ఇది అంతర్జాతీయమే.

ఈ కప్పులో ఒక విశేషం ఉన్నది. పది బడులలో నుంచి పదకొండుమంది మంచివాళ్ళను ఏరి జట్టు కట్టడానికి వీలులేదు. జట్టు యావత్తూ ఒకే బడిది కావాలి. మీరు ఎంత గొప్పగా ఆడినా, మీ గోల్‌కీపరు బంతి చూసి కళ్ళు మూసుకునేవాడైతే మీ ప్రయాణం మీ మండలం దాటదు. ముందు మీ చుట్టుపక్కల బడులను గెలవాలి, తరువాత జిల్లాలో గెలవాలి, ఆపైన రాష్ట్రంలో గెలవాలి. ఒక్కొక్క విభాగంలో రాష్ట్రం తరఫున పోయేది ఒక్క బడే.

ఇటువంటి చోట సాధారణంగా "నాకౌటు" పద్ధతి పెడతారు. అంటే, ఓడినవాడు ఇంటికి. ఇందులో ఒక చిన్న తమాషా ఉన్నది. 32 బడులు పోటీకి వస్తే మొత్తం ఎన్ని మాచ్‌లు జరుగుతాయి? మొదటి వరస 16, రెండో వరస 8 అని కూడడం మొదలుపెట్టకండి. ప్రతి మాచ్‌లోనూ సరిగా ఒక జట్టు ఇంటికి పోతుంది. చివరికి ఒక్కటే మిగలాలంటే 31 జట్లు ఇంటికి పోవాలి. కనుక 31 మాచ్‌లు. 50 బడులు వస్తే 49. ఎన్ని వచ్చినా ఒకటి తగ్గించండి, అంతే!

నాకౌటుకు రోజులు తక్కువ పడతాయి, ఖర్చూ తక్కువే. కాని దీనికి దయ లేదు. మన వైపు బడి జట్ల పోటీలు వానల రోజుల్లోనే ఎక్కువగా వస్తాయి. ముందురోజు కురిసిన వానకు మైదానంలో గోలు ముందర మడుగు కట్టిందనుకోండి. మంచి జట్టు కొట్టిన బంతి ఆ నీళ్ళలో ఆగిపోతుంది. రెండో జట్టు ఊరికే తన్నిన బంతి ఎవడి మోకాలికో తగిలి గోలులో పడుతుంది. అక్కడితో సరి. మళ్ళీ వచ్చే యేడే! ఆ యేటికి కొందరికి వయసు దాటిపోతుంది కూడాను.

పై మెట్లలో అందుకే "లీగు" పద్ధతి పెడతారు. అందులో ప్రతి జట్టూ మిగిలిన అన్ని జట్లతోనూ ఒక్కొక్కసారి ఆడుతుంది. గెలిస్తే 3 పాయింట్లు, సమానమైతే 1, ఓడితే సున్న. ఒకరోజు మడుగులో పడ్డవాడు మర్నాడు లేవడానికి వీలున్నది. అయితే మాచ్‌ల సంఖ్య ఎలా పెరుగుతుందో చూడండి. అయిదు జట్లుంటే నాకౌటులో 4 మాచ్‌లు చాలు. లీగులో ఒక్కొక్క జట్టు నాలుగేసి ఆడాలి. అయిదు నాలుగులు ఇరవై. ఒక మాచ్‌ను రెండు జట్ల తరఫునా రెండుసార్లు లెక్కపెట్టాం కనుక అందులో సగం, 10 మాచ్‌లు.

ఇప్పుడు మనం ఢిల్లీ దాటి ఇంకా పైకి పోదాం. అక్కడ బడి జట్లు ఉండవు, దేశాల జట్లే ఉంటాయి. ఆసియా ఖండంలో కుర్రవాళ్ళ పోటీలు చాలాకాలం నుంచి జరుగుతున్నాయి. 1974లో బాంకాక్ నగరంలో ఆసియా యువజన ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. ఫైనలులో భారతదేశమూ, ఇరాన్ దేశమూ తలపడ్డాయి. ఆట 2-2తో సమానమై ఊరుకుంది. అప్పుడు ఏం చేశారో తెలుసునా? కప్పు ఇద్దరిదీ అన్నారు! రెండు దేశాలనూ విజేతలుగా ప్రకటించారు. ఆనాడు మన జట్టు నాయకుడు షబ్బీర్ అలీ, మన హైదరాబాదువాడే. ఆ వయసు పోటీలలో మన దేశం ఆసియా విజేత కావడం అదొక్కసారే.

హైదరాబాదుకు ఈ పేరు ఊరికే రాలేదు. అక్కడ సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. బడిలో పాఠాలు చెప్పిన ఆ మనిషే తరువాత భారతదేశపు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడైనాడు. ఆయన శిక్షణలోనే మన జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వచ్చింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకం గెలిచింది. మరుసటి యేడే ఆయన చనిపోయాడు. రహీం కుర్రవాళ్ళకు చిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర ఉంచుకుని పోరాదు, వెంటనే తనవాడికి అందించాలి. మరొక పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలు వాటమైనవాడు ఎడమకాలితో తంటాలు పడాలన్నమాట. కండబలం ఉన్నవాడి పప్పులు అక్కడ ఉడకవు. ఈ ఉపాయం ఈనాడు కూడా ఏ బడి మైదానంలో అయినా కానీ ఖర్చు లేకుండా చెయ్యవచ్చును. మీ డ్రిల్లు మాష్టారికి చెప్పి చూడండి.

మళ్ళీ ఆసియాకు వద్దాం. రానురాను పోటీకి వచ్చే దేశాలు ఎక్కువైనాయి. అందరినీ ఒకచోట ఆడించడం కుదరదు గనుక ముందుగా జల్లెడ పట్టడం మొదలైంది. దానినే అర్హత పోటీలు అంటారు. 17 ఏళ్ళ లోపు బాలుర 2026 ఆసియా కప్పుకు ఆతిథ్యదేశం సౌదీ అరేబియా. అందులో చోట్లు 16. వాటిలో 9 చోట్లు 2025 ప్రపంచకప్పుకు పోయిన ఆసియా జట్లకే ఇచ్చేశారు. మిగిలినవి 7. వాటి కోసం 38 దేశాలను 7 గుంపులుగా విడదీశారు. గుంపులో మొదటివాడికే చోటు. రెండోవాడికి ఏమీ లేదు.

మన గుంపు పోటీలు 2025 నవంబరులో అహమ్మదాబాదులో జరిగాయి. పాలస్తీనా, చైనీస్ తైపే, లెబనాన్, ఇరాన్, మనమూ, మొత్తం అయిదు జట్లు. మనవాళ్ళు పాలస్తీనాతో 1-1గా సమానం చేశారు. చైనీస్ తైపేను 3-1తో ఓడించారు. లెబనాన్ చేతిలో 0-2తో ఓడిపోయారు. మూడు మాచ్‌లకు నాలుగే పాయింట్లు! నాకౌటు అయితే ఆ ఓటమితోనే కథ కంచికి పోయేది. లీగు గనుక ఇంకొక మాచ్ మిగిలింది. అయితే అది ఎవరితో అనుకున్నారు? 1974లో కప్పు పంచుకున్న ఇరాన్‌తోనే.

ఈసారి పంచుకోవడానికి వీలులేదు. సమానమైతే ఇరాన్ పోతుంది, మనం ఆగిపోతాం. గెలిస్తేనే దారి. నవంబరు 30న ఆట మొదలైంది. ముందు ఇరాన్ గోలు కొట్టింది. ఇంక అయిపోయిందని ఎందరో అనుకుని ఉంటారు. విశ్రాంతికి ముందు మనకు పెనాల్టీ దొరికింది, స్కోరు సమానమైంది. విశ్రాంతి తరువాత మనవాళ్ళు రెండో గోలు కొట్టారు. అక్కడి నుంచి చివరి దాకా కాచుకోవడమే పని. 2-1తో మనం గెలిచాం. ఇద్దరికీ ఏడేసి పాయింట్లు వచ్చాయి. పాయింట్లు సమానమైనప్పుడు ముందుగా ఆ ఇద్దరి మధ్య జరిగిన ఆటలో ఎవరు గెలిచారో చూస్తారు. అందుచేత సౌదీ అరేబియాకు టిక్కెట్టు మనకు దక్కింది.

ఆడపిల్లలు వీళ్ళకంటె ముందే ఆ పని చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో కిర్గిజ్ దేశపు బిష్కెక్ నగరంలో మన 17 ఏళ్ళ లోపు బాలికలు ఉజ్బెకిస్తాన్‌ను 2-1తో ఓడించి తమ ఆసియా కప్పుకు అర్హత సంపాదించుకున్నారు. ఆడపిల్లలకు ఫుట్‌బాల్ ఏమిటి అనే పెద్దలు మీ ఇంట్లో ఉంటే, నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారతదేశపు మహిళల జట్టులో ఆడుతున్నదని చెప్పండి.

ఇంతకూ ఈ జల్లెడకు కన్నాలు ఏ కొలతతో వేశారు? పుట్టిన తేదీతో. ఆ ఆసియా కప్పుకు 2009 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారే ఆడాలి. 2008 డిసెంబరు 31న పుట్టినవాడు ఎంత గొప్ప ఆటగాడైనా గుమ్మం బయటే.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. మీ తాతగారిని పుట్టినతేదీ అడిగి చూడండి. చాలామంది తాతలు జూన్ నెలలోనో, జూలై 1వ తేదీనో పుట్టినట్టు కాగితాలలో ఉంటుంది. ఆ రోజులలో అంతమంది ఒకే తేదీన పుట్టారా? లేదు. బడిలో వేసేటప్పుడు, "వీడికి ఎన్నేళ్ళుంటాయి?" అని అడిగి పంతులుగారే ఒక తేదీ వేసేవారు. అందులో మోసం ఏమీ లేదు, పని జరగాలి కదా. కాని ఆటలలోకి వచ్చేసరికి కొందరు పెద్దలు దీన్నే ఒక ఉపాయంగా పట్టుకున్నారు. పందొమ్మిదేళ్ళ వాడికి రెండు మూడేళ్ళు తగ్గించి కాగితం పుట్టించి, కుర్రవాళ్ళ జట్టులో నిలబెట్టడం! వాడు గెలుస్తాడు సరే. వాడు నిలబడిన చోటు ఎవరిది? నిజంగా పదిహేనేళ్ళున్న పిల్లవాడు ఒకడు, బహుశా మన నర్సీపట్నం హాస్టలు పిల్లవాడే, గట్టున కూర్చుని చూస్తుంటాడు. ఎందుకు తీసుకోలేదో కూడా వాడికి తెలియదు. "నువ్వు ఇంకా ఎదగాలి" అంటారు.

ఈ మోసం ఒక్క దేశంలో కాదు, చాలా దేశాలలో జరిగింది. చివరికి డాక్టర్లు ఒక మార్గం కనిపెట్టారు. మీ మణికట్టు ఒకసారి పట్టుకోండి. ముంజేతిలో బొటనవేలి వైపు ఉన్న ఎముక చివర, ఎదిగే వయసులో, మెత్తని మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఎదుగుదల పూర్తయ్యేకొద్దీ ఆ పొర గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. 17 ఏళ్ళు నిండని అబ్బాయిలలో అది పూర్తిగా అతుక్కుపోయి ఉండడం చాలా అరుదు. కనుక మణికట్టును ఎం.ఆర్.ఐ. యంత్రంలో ఫోటో తీస్తే, అతుక్కుపోయిన ఎముక "ఈ అబ్బాయికి పదిహేడు ఎప్పుడో దాటాయి" అని చెప్పేస్తుంది. ఈ యంత్రం బలమైన అయస్కాంతంతో పని చేస్తుంది. ఎక్స్‌రే కిరణాలు ఇందులో ఉండవు గనుక పిల్లలకు హాని లేదు. 2009లో నైజీరియాలో జరిగిన 17 ఏళ్ళ లోపు ప్రపంచకప్పులో ఫిఫా మొదటిసారి ఈ పరీక్ష పెట్టింది.

అయితే ఎముక పుట్టినతేదీ చెప్పలేదు. పదిహేడు దాటి కొద్ది నెలలే అయినవాడు పరీక్షలో బయటపడకపోవచ్చును. ఆడపిల్లల ఎముకలు ముందుగానే అతుక్కుంటాయి గనుక వారికి ఈ కొలత సరిపోదు. పైగా ఇంత ఖరీదైన యంత్రాన్ని మండలం పోటీలకు ఎవరు తెస్తారు? అంటే, జల్లెడ అడుగు వరసలో, మన నర్సీపట్నం వంటి చోట్ల, ఇప్పటికీ కాగితమే దిక్కు, కాగితం రాసినవారి నిజాయితీయే దిక్కు.

మోసం ఏమీ లేకపోయినా ఇంకొక చిన్న అన్యాయం ఉన్నది. జనవరిలో పుట్టినవాడూ, అదే సంవత్సరం డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టులోకి వస్తారు. వాళ్ళ మధ్య తేడా దాదాపు ఒక సంవత్సరం. ముప్పై ఏళ్ళ వాళ్ళకు అదొక లెక్కా? కాని పదమూడేళ్ళ వాళ్ళకు సంవత్సరం అంటే జానెడు పొడుగు తేడా ఉండవచ్చును. ఎంపిక చేసేవారు తెలియకుండానే పొడుగువాడిని ఎక్కువగా ఏరుకుంటారని చాలా దేశాలలో లెక్కలు తీసి చూపించారు. జట్ల పేర్లు తిరగేస్తే జనవరి, ఫిబ్రవరి పిల్లలు ఎక్కువ, నవంబరు, డిసెంబరు పిల్లలు తక్కువ కనిపిస్తారు. రహీం పెట్టిన పోటీలు ఉండి ఉంటే ఆ డిసెంబరు పిల్లవాడికి కొంత మేలు జరిగేది. బంతిని త్వరగా అందించడానికి పొడుగు అక్కరలేదు.

తల్లిదండ్రులకు ఒక్క సంగతి చెప్పాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజులలోపల పుట్టుక నమోదు చేయించాలి. 2023 అక్టోబరు 1న గాని, తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు అనేక పనులకు ఆ సర్టిఫికెట్టే తేదీకి రుజువు. కొండల మీద ఇంటి దగ్గర పుట్టిన బిడ్డకు ఈ కాగితం తెచ్చుకోవడం ఊరికే జరగదు. ఎవరో ఒకరు కొండ దిగి రావాలి, లేదా ఎవరో ఒకరు కొండ ఎక్కి పోవాలి.

ఈసారి వానలు పడ్డాక మీ ఊళ్ళో బడి జట్ల పోటీలు జరిగితే వెళ్ళి చూడండి. నర్సీపట్నంలో అయితే ఉత్తరాన మబ్బు కమ్మిన కొండలు కనిపిస్తూ ఉంటాయి. ఆట మొదలు కాకముందు ఒక బల్ల వేసి, మాష్టార్లు కాగితాలు చూస్తుంటారు. ఒక్కొక్క పిల్లవాడే వచ్చి, ప్లాస్టిక్ సంచిలో నుంచి మడత పెట్టిన సర్టిఫికెట్టు తీసి, తడి చేతిని చొక్కాకు తుడుచుకుని, జాగ్రత్తగా బల్ల మీద పెడతాడు. తరువాత చెప్పులు విడిచి మైదానంలోకి పరుగెత్తుతాడు.

ఇంటికి వచ్చాక మీకొక లెక్క. ఆసియా అర్హత పోటీలకు డ్రా తీసినప్పుడు ఆ 7 గుంపులలో మూడింటిలో ఆరేసి జట్లు, నాలుగింటిలో అయిదేసి జట్లు ఉన్నాయి. ఎవరూ మానుకోకుండా అందరూ ఆడితే మొత్తం ఎన్ని మాచ్‌లు జరగాలి? 85 రాకపోతే ఎక్కడో ఒక మాచ్‌ను రెండుసార్లు లెక్కపెట్టారన్నమాట!